దీవిలోంచి టైగర్ దోమను వెళ్లగొట్టాలంటే పని పెరట్లో మొదలవ్వాలి

ఆస్ట్రేలియాకూ పాపువా న్యూగినీకీ మధ్య టోర్రెస్ జలసంధి ఉంది. అక్కడి మసిగ్ దీవిలో 2005లో టైగర్ దోమ (ఈడిస్ ఆల్బొపిక్టస్) దొరికింది. డెంగీ, చికున్‌గున్యాలను మోసే దోమ ఇది. మొదట క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం అన్ని దీవుల నుంచీ దాన్ని తుడిచిపెట్టాలనుకుంది. కానీ పడవలు దీవి నుంచి దీవికి తిరుగుతూనే ఉంటాయి, ఒకచోట తీసేస్తే మరోచోటి నుంచి మళ్లీ వస్తుంది. అందుకే 2008లో గురి మార్చి థర్స్‌డే, హార్న్ దీవుల చుట్టూ గిరి గీశారు. హార్న్‌లో విమానాశ్రయం ఉంది, థర్స్‌డే నుంచి ప్రధాన భూభాగానికి పడవలు వెళ్తాయి. ఈ రెండింటినీ కాపాడితే దారి మూసినట్టే. అక్కడ దోమల సంఖ్య దాదాపు కనబడనంతగా తగ్గింది. ఈ దోమ మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది కాబట్టి ఇక్కడ నిర్మూలన కుదరదు, కానీ దోమల్ని తగ్గించడానికి పెరట్లో చేయాల్సిన పని మాత్రం అక్కడిదే.

ముందు దోమను గుర్తుపట్టండి. వీపు నడిమధ్య ఒకే తెల్ల గీత ఉంటే టైగర్ దోమ. వీణలా ఒంపు తిరిగిన గీతలుంటే అది ఈడిస్ ఈజిప్టై, దాని అలవాట్లు వేరు. ఈజిప్టై ఇంట్లో మంచం కిందా, బట్టల చాటునా కూర్చుంటుంది. టైగర్ దోమ ఎక్కువగా బయటే, పొదల నీడలో ఉంటుంది. అందుకే ఇంటి లోపలి గోడలకు మందు కొట్టినా, వీధిలో ఫాగింగ్ చేసినా దీనికి పెద్దగా తగలదు. పొగ గాల్లో ఎగురుతున్న దోమనే చంపుతుంది, కాసేపటికి చెదిరిపోతుంది.

ఉనికి తెలుసుకోవడానికి చెట్ల నీడలో నిలబడి 5 నుంచి 10 నిమిషాలు కాళ్ల చుట్టూ వల తిప్పి పట్టండి. దీంతోపాటు నల్ల ప్లాస్టిక్ డబ్బాలో సగం నీళ్లు పోసి, గరుకు గుడ్డ ముక్క లోపలి అంచుకు వేలాడదీసి నీడలో పెట్టండి. గుడ్లు ఆ గుడ్డ మీద నీటి గీతకు కాస్త పైన, మిరియాల పొడి చల్లినట్టు నల్లగా కనిపిస్తాయి. డబ్బాను వారంలోపు తప్పక ఎత్తి ఖాళీ చేయాలి. వేడి నెలల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు, మరిచిపోతే మీ ఉచ్చే దోమల్ని కంటుంది.

ఆ తర్వాత పాత్రల పని. టైర్లు, కొబ్బరి చిప్పలు, కుండీల కింద పళ్లాలు, ముడతల్లో నీళ్లు నిలిచిన టార్పాలిన్, ఆకులు అడ్డుపడ్డ చూరు గొట్టాలు, చెట్టు తొర్రలు అన్నీ వెతకండి. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర లోపలి గోడకు అతుక్కుని ఎండిపోయినా నెలల తరబడి బతికి, వాన పడగానే పొదుగుతాయి. బ్రష్‌తో గట్టిగా రుద్ది, ఆ నీళ్లను నేల మీదే పోయండి, కాలువలో వద్దు. వాన నీటి ట్యాంకులకు 1 మిల్లీమీటరు కంటే సన్నటి కన్నాల జాలీ బిగించండి. చిరిగిన జాలీ లేనట్టే లెక్క.

తీసేయలేని నీళ్లకే మందు. బీటీఐ అనే బాక్టీరియా మందు, గుడ్డు నుంచి వచ్చిన పురుగు (లార్వా) తిన్నప్పుడే పనిచేస్తుంది. ప్యూపా (లార్వాకూ దోమకూ మధ్య దశ) తినదు కాబట్టి దాని మీద పనిచేయదు. మెథోప్రీన్ గుళికలు వేసిన చోట లార్వాలు ఇంకా ఆడుతూనే కనిపిస్తాయి, చాలామంది మందు పనిచేయలేదనుకుని మళ్లీ వేస్తారు. అది లార్వాను చంపే మందు కాదు, దోమగా మారనివ్వకుండా ప్యూపా దశలో ఆపేది. ఫలితం చూడాలంటే కొన్ని ప్యూపాలను నీళ్లతో సహా మూత ఉన్న సీసాలో పెట్టి, దోమలు బయటికొస్తున్నాయేమో గమనించండి. మోతాదు మాత్రం డబ్బా మీద రాసిందే, అంచనా పనికిరాదు.

ఇక అసలు దెబ్బ పొదల మీద. లాంబ్డా సైహలోథ్రిన్ లాంటి మందును వీపు పంపుతో మోకాలి నుంచి మనిషి ఎత్తు దాకా, నీడ పడే చోట, ఆకుల అడుగు వైపు తడిసేలా కొట్టాలి. దోమ కూర్చునేది అక్కడే. పైపైన కొడితే ఎండకూ వానకూ మందు పోతుంది. తడి ఆరకముందే వాన పడితే మళ్లీ కొట్టాల్సిందే. ఆరితే కొన్ని వారాలు నిలుస్తుంది. పూల మీద వద్దు, తేనెటీగలు చస్తాయి. చెరువు, వాగు, సముద్రం పక్కన అసలే వద్దు, ఈ రకం మందు చేపలకూ రొయ్యలకూ విషం. గ్లవ్స్, మాస్కు లేకుండా పంపు ఎత్తకండి.

తాళం వేసిన ఇళ్లే చాలాసార్లు మొత్తం శ్రమను వృథా చేస్తాయి. టైగర్ దోమ మామూలుగా 200 మీటర్లలోపే తిరుగుతుంది, అంటే ఒక్క వదిలేసిన పెరడు చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ దోమల్ని పంపుతుంది. అలాంటి ఇళ్లను పుస్తకంలో విడిగా రాసుకుని, అదే వారం మళ్లీ వెళ్లండి. మీది దీవి అయితే ఒడ్డుకు వచ్చే పడవల్లో టైర్లు, డ్రమ్ములు, పడవ అడుగున నిలిచిన నీళ్లు చూడండి. ఎండిన టైరు కనిపించినా లోపలి అంచును వేలితో తడిమి, టార్చి వేసి చూశాకే ఒడ్డుకు దించనివ్వండి.