ముడి గోధుమపిండితో మెత్తటి బ్రెడ్ చేయడం ఎలా?

మైదా బ్రెడ్ చక్కగా చేసేవాళ్లు కూడా ముడి గోధుమపిండి దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. బ్రెడ్ సరిగ్గా పొంగదు, ఇటుకలా గట్టిపడుతుంది, మర్నాటికి పొడిపొడిగా రాలిపోతుంది. తప్పు పిండిది కాదు, మైదా కొలతతోనే నీళ్లు పోయడం వల్ల వచ్చే చిక్కది. ఈ పిండిలో గింజ పైపొట్టు, మొలక భాగం కూడా ఉంటాయి. పొట్టు నీళ్లు బాగా తాగుతుంది, అదీ నిదానంగా. నానకుండా మిగిలిన పొట్టు పలుకులు, పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ పొరలకు గుచ్చుకుని వాటిని తెంపేస్తాయి. అందుకే నా దృష్టిలో ఈ బ్రెడ్‌కు నానబెట్టడమే ప్రాణం, పిసకడం కంటే కూడా.

కావలసినవి

ముడి గోధుమపిండి 450 గ్రాములు, నీళ్లు 360 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు, నూనె, తేనె చెరో 20 గ్రాములు. సుమారు 23 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు ఉన్న టిన్నుకు ఇవి సరిపోతాయి. కప్పులతో కాకుండా తూకం వేసుకోండి. కప్పులో పిండిని ఎంత అదిమామన్నదాన్ని బట్టి బరువు మారిపోతుంది. మొలక భాగంలో నూనె ఉంటుంది కాబట్టి నిలవ పిండి ముక్కిపోతుంది. వాసన చూసి, తాజాదైతేనే వాడండి.

నానబెట్టడం

పిండిలో 330 మి.లీ. నీళ్లు పోసి, పొడి ఎక్కడా కనిపించకుండా కలిపి, మూతపెట్టి 30 నిమిషాలు వదిలేయండి. ఈ అరగంటలో పొట్టు మెత్తబడుతుంది, గ్లూటెన్ దానంతటదే అల్లుకోవడం మొదలుపెడుతుంది. తర్వాత మిగిలిన 30 మి.లీ. నీళ్లను గోరువెచ్చగా చేసి ఈస్ట్ కలిపి పోయండి. ఉప్పు, తేనె, నూనె కూడా వేయండి.

పిసకడం

పిండి చేతికి అంటుకుంటుంది. అప్పుడు పొడిపిండి చల్లాలనిపిస్తుంది. దయచేసి చల్లకండి. అలా వేసే ప్రతి గుప్పెడూ ఇందాక మనం పోసిన నీళ్లను లాగేసుకుంటుంది. చేతులు తడి చేసుకుని, సాగదీసి మడుస్తూ పది నిమిషాలు పిసకండి. మొదట జిగటగా, గరుకుగా ఉన్న ముద్ద క్రమంగా నునుపుదేరి గిన్నె అంచులను వదిలేస్తుంది. చిన్న ముక్క తీసి వేళ్లతో సాగదీస్తే వెంటనే తెగకుండా పొరలా విచ్చుకోవాలి. మైదా అంత పల్చటి పొర రాదు, రానక్కర్లేదు.

పొంగనివ్వడం

నూనె రాసిన గిన్నెలో ముద్దను పెట్టి మూతవేయండి. 26 డిగ్రీల వేడి ఉన్న గదిలో గంట, గంటంపావు పడుతుంది. ముడి పిండి తొందరగా పులుస్తుంది కాబట్టి గడియారం కంటే ముద్దనే గమనించండి. ఒకటిన్నర రెట్లు దాటితే చాలు, రెట్టింపు కావాలని ఎదురుచూడకండి.

ముద్దను తడి బల్ల మీద పరిచి, గాలి మరీ పోకుండా గట్టిగా చుట్టి, నూనె రాసిన టిన్నులో మడత కిందికి వచ్చేలా పెట్టండి. మరో 40 నుంచి 50 నిమిషాలు ఉంచాలి. తడివేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా సగం పూడాలి. వెంటనే పూడితే ఇంకాస్త ఆగండి. అసలు పూడకపోతే ఎక్కువ పులిసినట్టు, ఓవెన్‌లో కుంగిపోయే ప్రమాదం ఉంది.

కాల్చడం

ఓవెన్ ముందే 220 డిగ్రీలకు బాగా వేడెక్కి ఉండాలి. పది నిమిషాలు ఆ వేడి మీద, తర్వాత 190 డిగ్రీలకు తగ్గించి సుమారు 30 నిమిషాలు కాల్చండి. పైభాగం త్వరగా ముదురురంగుకు వస్తే ఫాయిల్ కప్పండి. అడుగున తట్టి శబ్దం వినడం పాత పద్ధతే గానీ, నేను థర్మామీటర్‌నే నమ్ముతాను. నడుమ 93 నుంచి 96 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టే.

టిన్నులోంచి వెంటనే తీసి, కింద గాలి ఆడేలా జాలీ మీద పెట్టండి. వేడిమీదే కోస్తే లోపలి పిండిపదార్థం ఇంకా కుదురుకోక ముక్క జిగురుగా వస్తుంది. కనీసం గంటన్నర ఆగాలి.

రెండు మూడు రోజుల్లో తినేస్తామంటే గుడ్డలో చుట్టి బయటే ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. మిగిలింది ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో దాచుకుని, కావాల్సినప్పుడు నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు.