రోగి భద్రత, 4వ పాఠం: తృటిలో తప్పిన ప్రమాదాన్ని రాయడం

గత మూడు పాఠాల్లో రోగిని సరిగ్గా గుర్తించడం, మందు ఇచ్చే ముందు చూసుకోవడం, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇవ్వడం నేర్చుకున్నాం. ఈసారి రాత పని. పాలకొల్లు, అమలాపురం, తణుకు లాంటి ఊళ్ళలో ఇరవై ముప్పై పడకల నర్సింగ్ హోముల్లో పనిచేసే సిస్టర్లను, ఫార్మసిస్టులను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. పెద్ద ఆసుపత్రుల్లో దీనికి కమిటీలు, ఫారాలు ఉంటాయి. మీకు ఒక నోటుబుక్కు చాలు.

అభ్యాసం కోసం ఇలా అనుకుందాం. రాత్రి రెండున్నర. పద్దెనిమిది మంది పేషెంట్లకు ఒకే సిస్టర్. కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద ఒక్క లైటు వెలుగుతోంది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పొడి వయల్ కలపడానికి ట్రేలోంచి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ తీసింది. సిరంజిలోకి లాగబోతూ లేబుల్ లైటుకి ఎత్తి చూస్తే, అది పొటాషియం క్లోరైడ్. రెండూ పది మిల్లీలీటర్ల ఆంప్యూళ్ళే, రెండూ నీళ్ళలాగే ఉంటాయి. పొటాషియం సెలైన్‌లో బాగా పలచన చేసి నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు.

సిస్టర్ దాన్ని పక్కన పెట్టి, సరైన ఆంప్యూల్ తీసి ఇంజెక్షన్ చేసింది. పేషెంటుకి ఏమీ కాలేదు. తెల్లారాక డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు రాత్రి అదే ట్రేలో ఇంకో సిస్టర్ చెయ్యి పెడుతుంది. లేబుల్ చదివే తీరిక ఆమెకి దొరుకుతుందో లేదో ఎవరు చెప్పగలరు?

అందుకే డ్యూటీ దిగేలోపే రాయాలి. ఎక్కువమంది ఇలా రాస్తారు: "నా అజాగ్రత్త వల్ల వేరే మందు తీయడం జరిగింది. ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని మనవి." ఇది క్షమాపణ పత్రం. చదివిన డాక్టరు గారు మందలించి ఊరుకుంటారు, ట్రే మాత్రం అలాగే ఉంటుంది.

ఇలా రాయండి: "రాత్రి 2:30. జనరల్ వార్డు. సెఫ్ట్రియాక్సోన్ కలపబోతూ డిస్టిల్డ్ వాటర్ అనుకుని పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ తీశాను. లేబుల్ చదివి ఆపాను. రోగికి ఇవ్వలేదు. రెండూ ఒకే ట్రేలో, ఒకే అరలో ఉన్నాయి. ఆ సమయంలో కరెంటు లేదు. వార్డులో నేను ఒక్కదాన్నే ఉన్నాను." ఇందులో 'అజాగ్రత్త' అన్న మాటే లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎలా ఆగింది, చుట్టూ ఏముంది, అంతే. తీర్పు రాయకండి, చూసింది రాయండి. వేరేవాళ్ళ సంగతి రాయాల్సి వస్తే పేరు కాకుండా హోదా రాయండి.

తర్వాత ఇన్‌ఛార్జి సిస్టర్, డాక్టరు గారు కూర్చుని "ఎందుకు" అని అడుగుతూ పోవాలి. అవి ఒకే ట్రేలో ఎందుకున్నాయి? స్టోర్ నుంచి వచ్చినవి అక్కడే సర్దుతున్నారు కాబట్టి. వార్డులో పొటాషియం అసలెందుకుంది? రాత్రిపూట ఫార్మసీ మూసేస్తారు కాబట్టి. ఇదీ అసలు చోటు. పొటాషియం లాంటి గాఢమైన ఎలక్ట్రొలైట్ (లవణ) ద్రావణాలను అదుపులో ఉంచడం, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన తొమ్మిది రోగి భద్రతా పరిష్కారాల్లో ఒకటి. చిన్న నర్సింగ్ హోములో చెయ్యగలిగింది కూడా ఉంది: పొటాషియం ఆంప్యూళ్ళు వార్డు ట్రేల్లోంచి తీసేసి, ఎర్ర లేబులున్న డబ్బాలో తాళం వేసి, ఇద్దరు చూశాకే బయటికి ఇవ్వడం.

ప్రమాదం ముందే చెప్పినవాళ్ళని తప్పు పట్టకూడదన్న సంగతి, 1986 ఆగస్టు గోదావరి వరద చూసిన లంక గ్రామాల పెద్దలకి వేరే చెప్పక్కర్లేదు. ఏటిగట్టులో ఎలుక బొరియలోంచి నీరు ఊరుతోందని అర్ధరాత్రి కేకేసినవాణ్ణి ఎవరూ తిట్టరు, ఇసుక బస్తాలు మోసుకొస్తారు.

అలాగని ఎవరికీ బాధ్యత లేదని కాదు. చీకట్లో చెయ్యి పొరబడితే ఆ మనిషికి ధైర్యం చెప్పి ట్రే మార్చాలి. పని ఒత్తిడిలో లేబుల్ చదవకపోవడం అలవాటైపోతే కూర్చోబెట్టి మాట్లాడాలి, ఆ అడ్డదారి ఎందుకు అవసరమైందో కనుక్కోవాలి. మద్యం తాగి డ్యూటీకి రావడం, తప్పు కప్పిపుచ్చడానికి కేస్ షీట్ దిద్దడం లాంటివి వేరు, వాటికి చర్య ఉండాల్సిందే. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన బాధ్యత యాజమాన్యానిది. రాసిన సిస్టర్‌కి వారంలోగా "నువ్వు చెప్పినదానికి ఇది చేశాం" అని జవాబు రాకపోతే, రెండో కాగితం ఎప్పటికీ రాదు.

"రాస్తే కేసవుతుందేమో" అన్న టెన్షన్ సహజమే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2002 వైద్య నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కాబట్టి రోగికి నిజంగా మందు వెళ్ళి ఉంటే అది కేస్ షీట్‌లో ఉండి తీరాలి, నోటుబుక్కు దానికి బదులు కాదు. తప్పు రాత ఉంటే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, టైము, సంతకం పెట్టండి. వైట్‌నర్ ముట్టుకోవద్దు.

హాని జరిగితే ఇంట్లోవాళ్ళకి డాక్టరు గారే స్వయంగా, అదే రోజు, కూర్చోబెట్టి చెప్పాలి. "అమ్మా, ఇవ్వాల్సిన మందు కాకుండా ఇంకోటి వెళ్ళింది. ఇప్పుడు ఇది చేస్తున్నాం. మా వల్ల జరిగింది, క్షమించండి." దీని సాధన వచ్చే పాఠంలో.

ఈ వారం అభ్యాసం: మీ వార్డు మందుల ట్రే ఒకసారి బల్ల మీద బోర్లించండి. ఒకేలా కనిపించే ఆంప్యూళ్ళు జతలు జతలుగా పక్కన పెట్టి, ఏ జత తారుమారైతే ప్రాణం మీదికి వస్తుందో రాయండి. ఆ కాగితం ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఇచ్చి, జవాబు ఎప్పుడిస్తారో తేదీ అడిగి తీసుకోండి.