మహావృక్షాల ఎత్తు కొలవడం – 3వ పాఠం: కొన మొదలుకు నేరుగా పైన లేనప్పుడు

గత పాఠంలో విశాఖ బీచ్ రోడ్డులో నిటారుగా పెరిగిన ఒక కొబ్బరిచెట్టును కొలిచాం. కోణమాపకానికి దారంతో గుండు వేలాడదీసి కొన కోణం చూసి, మొదలు దాకా ఉన్న దూరాన్ని టాన్ విలువతో గుణించి, కంటి ఎత్తును కలిపాం. దాని కొన మొదలుకు దాదాపు నేరుగా పైన ఉంది కనుకనే ఆ లెక్క సరిపోయింది.

ఈసారి నిద్రగన్నేరును తీసుకుందాం. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన ఈ చెట్టు విశాఖ వీధుల్లో గొడుగులా విచ్చుకొని పెరుగుతుంది. మీరు దానికి 30 మీటర్ల దూరంలో నిలబడ్డారనుకోండి. మీ కంటికి కొనలా కనిపించేది నిజానికి మీ వైపు 8 మీటర్లు చాచుకొచ్చిన కొమ్మ. అది మీ కంటి మట్టానికి 14 మీటర్ల పైన ఉంది. కోణమాపకం 32.5 డిగ్రీలు చూపుతుంది. దాని టాన్ విలువ 0.637ను 30తో గుణిస్తే 19.1 మీటర్లు వస్తుంది. చెట్టుకు లేని అయిదు మీటర్లు వచ్చి చేరాయి. కోణం తప్పు కాదు, గుణకారమూ తప్పు కాదు. 22 మీటర్ల దూరంలో ఉన్న కొమ్మకు 30 మీటర్ల దూరాన్ని అంటగట్టడమే తప్పు.

దీనికి విరుగుడు సైన్ పద్ధతి. లేజర్ దూరమాపకంతో కంటి నుంచి ఆ కొమ్మకే ఏటవాలు దూరం తీయండి: 26.1 మీటర్లు. 32.5 డిగ్రీల సైన్ విలువ 0.537తో గుణిస్తే 14 మీటర్లు వస్తుంది. చదునైన నేల మీద 1.5 మీటర్ల కంటి ఎత్తు కలిపితే మొత్తం 15.5. కంబాలకొండ వాలు లాంటి చోట కంటి ఎత్తు కలపడం చాలదు. మొదలుకూ విడిగా దూరం, కోణం తీసి, అలాగే సైన్ విలువతో గుణించి వచ్చినదాన్ని, మొదలు కంటి మట్టానికి కింద ఉంటే కలపాలి, పైన ఉంటే తీసివేయాలి.

వర్షారణ్యంలో అసలు చిక్కు కొన కనిపించకపోవడమే. కింది చెట్ల ఆకులు చూపును మూసేస్తాయి, లేజర్ కిరణం కూడా దగ్గరి ఆకుకే తగిలి తిరిగివస్తుంది. అందుకే ఏదైనా చెట్టు కూలి ఆకాశం తెరుచుకున్న చోటు వెతుక్కొని, కొన చుట్టూ పలుమార్లు గురిపెట్టి, లెక్కకు వచ్చిన ఎత్తుల్లో పెద్దదాన్ని తీసుకోవాలి. పొదలు మొదలును కప్పేస్తే, మాను మీద తెలిసిన ఎత్తులో తెల్ల కాగితం అంటించి దానికే గురిపెట్టండి. జాగ్రత్తగా చేసిన సైన్ కొలత కొనను అందుకోలేకపోతే ఎత్తును తగ్గించి చూపుతుంది. లేని ఎత్తును కల్పించదు. రికార్డు చెట్ల విషయంలో ఈ రెండు లోపాల్లో మొదటిదే మేలని నా అభిప్రాయం.

బోర్నియోలోని డానమ్ లోయలో ‘మెనారా’ అనే పసుపు మెరంటి చెట్టును ముందు లైడార్ (లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే పద్ధతి) పటంలోనే గుర్తించారు. విమానం నుంచి పంపిన లేజర్ కిరణాల్లో కొన్ని కొనకు తగిలి, కొన్ని ఆకుల సందుల్లోంచి నేల దాకా వెళ్లి తిరిగివస్తాయి. ఆ రెండు మట్టాల తేడాయే ఎత్తు. అంతటితో తృప్తిపడక 2019 జనవరిలో ఉండింగ్ జామి అనే ఆరోహకుడు ఆ చెట్టెక్కి టేపుతో కొలిచారు: 100.8 మీటర్లు. అమెజాన్‌లో 88.5 మీటర్ల ఏంజెలిమ్ వెర్మెల్హో చెట్టు జాడ కూడా లైడార్‌కే చిక్కింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా వీధి చివరి నిద్రగన్నేరు కూలిపోయింది. ఏళ్ల తరబడి దాని కిందనే నడిచినా ఒక్కసారీ కొలిచి రాసుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ వీధిలోని పెద్ద చెట్టును ఈ వారమే కొలవండి. గాలి లేని ఉదయాన, రెండు వేర్వేరు దిక్కుల నుంచి, టాన్, సైన్ పద్ధతులు రెండింటితోనూ కొలిచి, తేదీతో సహా నాలుగు అంకెలూ రాసుకోండి. రెండు సైన్ కొలతల మధ్య మీటరుకు మించిన తేడా వస్తే మీరు రెండు వేర్వేరు కొమ్మలకు గురిపెట్టి ఉండవచ్చు. ఎత్తైనది ఏదో తేలేదాకా చెట్టు చుట్టూ తిరిగి మళ్లీ చూడండి.