భయపెట్టే మెసేజ్ వస్తే ఏం చేయాలి

"జాగ్రత్త, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారు" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తే, ఫార్వర్డ్ నొక్కే ముందు అందులో తేదీ, ఊరు, చెప్పినవాళ్ల పేరు ఉన్నాయో లేదో చూడండి. చాలాసార్లు మూడూ ఉండవు. అయినా గుండె దడదడలాడుతుంది, ఎందుకంటే పిల్లల గురించో, పరాయివాళ్ల గురించో ఆ భయం ముందునుంచే మనలో ఉంది, మెసేజ్ దాన్ని తట్టి లేపిందంతే.

కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చే ప్రమాదమే ఎక్కువగా జరుగుతుందని మనసు లెక్కేస్తుంది. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే దీన్ని వివరించారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కారెక్కారు, ఆ తర్వాతి నెలల్లో రోడ్డు మరణాలు పెరిగాయి. అందుకే మెసేజ్‌లో చెప్పిన ప్రమాదం ఎంతమందికి, ఎంత తరచుగా జరుగుతోందో ముందు కనుక్కోండి.

అలాంటి మెసేజ్ నమ్మినవాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం లెక్కలతో మొదలుపెట్టొద్దు, నేను ఆ పొరపాటు చాలాసార్లు చేశాను. "నీకు దేని గురించి టెన్షన్?" అని అడిగి పూర్తిగా వినండి. ఒక గుంపు మొత్తాన్ని దోషిగా చూపించే మాట వస్తే మాత్రం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని మొహమాటపడకుండా అడగాల్సిందే, ఎందుకంటే 2018లో ఇలాంటి పుకార్లు నమ్మి భారత్‌లోనూ మెక్సికోలోనూ జనం అమాయకుల్ని చంపేశారు.