కట్టెల సౌనా పొయ్యి: అమరిక, వాడకం, సంరక్షణ
సౌనా, అంటే వేడితో, ఆవిరితో చెమట పట్టించే స్నానపు గదిలో కట్టెలతో మండే పొయ్యిని ఆ గది ఘనపరిమాణాన్ని బట్టి ఎంచుకోవాలి. ఉష్ణరోధకం లేని అద్దం, ఇటుక వంటి ఉపరితలాలు ఉంటే ప్రతి చదరపు మీటరుకు సుమారు 1.2 ఘనపు మీటర్లు అదనంగా లెక్కించాలి. పొయ్యిని మండని నేలపై నిలిపి, చెక్క గోడలకూ పొయ్యికీ, పొగగొట్టానికీ మధ్య తయారీదారు సూచించిన దూరాన్ని ఏమాత్రం తగ్గించకుండా పాటించాలి. పూతల వాసన పోయేందుకు తొలి మంటను, వీలైతే, ఆరుబయటే వేయడం మేలు.

అసలు నైపుణ్యమంతా పొయ్యిపై వేడెక్కే రాళ్ల పేర్పులోనే ఉంది. పెరిడొటైట్ వంటి దట్టమైన రాళ్లను కడిగి, పెద్దవి అడుగున, చిన్నవి పైన, నడుమ గాలి ఆడేలా వదులుగా పేర్చాలి. బిగించి పేరిస్తే వేడి పైకి రాక పొయ్యి లోహమే దెబ్బతింటుంది. ఏటి ఒడ్డున ఏరిన గుండ్రాళ్లలో తేమ చిక్కుకొని ఉంటే అవి వేడికి పగలవచ్చు కనుక వాటిని వాడకూడదు.

బాగా ఎండిన కట్టెలనే వాడి, గది 70 నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక రాళ్లపై మంచినీటిని కొద్దికొద్దిగా చల్లాలి; ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. నిప్పులు పూర్తిగా ఆరకముందే పొగగొట్టం మూత వేస్తే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండి ప్రాణం తీయగలదు.

ప్రతి వాడకానికీ ముందు చల్లారిన బూడిదను మూతగల ఇనుప బకెట్‌లోకి తీయాలి. ఏటా పొగగొట్టం మసిని దులిపించి, రాళ్లన్నీ దించి, చిట్లినవాటిని మార్చి తిరిగి పేర్చాలి.