కృత్తికల్లాంటి చుక్కల గుంపుని ల్యాప్‌టాప్‌లో నడిపించి చూడటం ఎలా

కార్తీక మాసంలో పొద్దుగుంకాక తూర్పున కనిపించే కృత్తికలు మన కంటికి ఆరేడు చుక్కలే గానీ నిజానికి అక్కడ వెయ్యికి పైగా నక్షత్రాలున్నాయి, అన్నీ కలిపి సుమారు 800 సూర్యుళ్ల బరువు. అవన్నీ ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరుగుతుంటాయి, కానీ ఆ కదలిక తేలాలంటే లక్షల ఏళ్లు పడుతుంది కాబట్టి సిమ్యులేషన్ తప్ప దారి లేదు. పైథాన్, దాని లెక్కల లైబ్రరీ నంపై వస్తే చాలు.

ముందు యూనిట్లు. దూరం పార్సెక్కుల్లో (ఒక పార్సెక్ అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు), బరువు సూర్యుడి లెక్కలో, వేగం సెకనుకి కిలోమీటర్లలో పెట్టుకుంటే గురుత్వాకర్షణ స్థిరాంకం జీ విలువ 0.0043 అవుతుంది, ఒక టైమ్ యూనిట్ అంటే దాదాపు పది లక్షల ఏళ్లు.

చుక్కల్ని ప్లమ్మర్ మోడల్ ప్రకారం, అంటే మధ్యలో ఒత్తుగా, బయటికి పోయేకొద్దీ పలచగా చల్లండి, బరువులకి క్రూపా లెక్క తీసుకోండి, అంటే చిన్నవి బోలెడు, పెద్దవి అతి కొద్ది. వేగాలు ర్యాండమ్‌గా ఇచ్చి, మొత్తం గుంపు వేగాన్ని తీసేసి, కైనెటిక్ ఎనర్జీ (కదలిక శక్తి) పొటెన్షియల్ ఎనర్జీ (లాగుడు శక్తి) పరిమాణంలో సగం వచ్చేలా వేగాలన్నిటినీ ఒకే నంబర్‌తో గుణించండి. ఈ సగం తప్పితే గుంపు మొదట్లోనే కుప్పకూలుతుంది, లేదా ఉబ్బిపోతుంది.

నడపడానికి వేగాన్నీ స్థానాన్నీ ఒకదాని తర్వాత ఒకటి ముందుకి జరిపే లీప్‌ఫ్రాగ్ పద్ధతి చాలు. వెయ్యి చుక్కలకి ప్రతి స్టెప్పులో 4,99,500 జంటల లెక్క, కాబట్టి లూపులు రాయకండి, నంపై ఎర్రేలు వాడండి. స్టెప్ 0.01 టైమ్ యూనిట్, సాఫ్టెనింగ్ (చుక్కలు మరీ దగ్గరికొస్తే లాగుడు హద్దు మీరకుండా మెత్తబరిచే దూరం) 0.05 పార్సెక్‌తో మొదలుపెట్టండి.

బొమ్మ గీసే ముందు మొత్తం ఎనర్జీ చూడండి, అది ఒక శాతం కన్నా ఎక్కువ జరిగితే ఆ రన్‌ని నమ్మొద్దు, స్టెప్ సగం చేసి మళ్లీ నడపండి. ఇది గెలాక్సీ లాగుడు కలపకముందే చెయ్యాలి, ఎందుకంటే తర్వాత గుంపుని గెలాక్సీ కేంద్రం నుంచి 8000 పార్సెక్కుల దగ్గర సెకనుకి 220 కిలోమీటర్ల వేగంతో తిప్పినప్పుడు ఆ కక్ష్య ఎనర్జీ లోపలి ఎనర్జీకి పదివేల రెట్లు పైనే ఉంటుంది, లోపల ఎంత తప్పు జరిగినా శాతంలో సున్నాలాగే కనిపిస్తుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు.

గెలాక్సీ లాగుడు కలపడం తేలికే, ప్రతి చుక్కకీ గెలాక్సీ కేంద్రం వైపు ఆ 220 స్క్వేర్ బై కేంద్రం నుంచి దూరం అంత యాక్సిలరేషన్. ఇంత బరువున్న గుంపు సుమారు 13 పార్సెక్కుల దాకే చుక్కల్ని పట్టి ఉంచగలదు. కొన్ని కోట్ల ఏళ్లు నడిపితే బరువైనవి మధ్యకి దిగడం, తేలికవి బయటికి జారడం కనిపిస్తుంది. కేంద్రం వైపు నుంచి జారినవి ముందుకి వెళ్తాయి, బయటివైపు జారినవి వెనకబడతాయి, అలా రెండు తోకలు సాగుతాయి. అచ్చం ఇలాంటి తోకలే రోహిణి పక్కనుండే హయడీస్ గుంపుకి ఉన్నాయని 2019లో గయా అనే అంతరిక్ష టెలిస్కోప్ డేటాలో తేలింది, మీ స్క్రీన్ మీద అవి వాటంతటవే పుట్టడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

జంట నక్షత్రాల గురించి మాత్రం ఈ కోడ్‌ని అడగొద్దు, సాఫ్టెనింగ్ దగ్గరి జంటల్ని కట్టనివ్వదు. దానికి ఆర్సెత్ రాసిన ఎన్‌బాడీ6 లాంటి ప్రోగ్రాములు కావాలి, అలాంటివాటిని పైథాన్ నుంచే నడపాలంటే అమ్యూజ్ అనే ప్యాకేజీ ఉంది.