నారింజ రంగు ద్రావణం ఉన్న సీసాలో నిజంగా ఎంత డెకావనడేట్ ఉంది?

పరిశోధనలో చేరిన రెండో ఏట, ఉదయాన్నే డెకావనడేట్ అనే వనేడియం సమ్మేళనాన్ని పీహెచ్ 7.4 బఫర్‌లో (ఆమ్ల, క్షార స్థాయిని మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో) కలిపి పెట్టుకుని, దానినే రోజంతా ఎంజైము పరీక్షల్లో వాడేదాన్ని. ఉదయం అంకెలకూ సాయంత్రం అంకెలకూ పొంతన కుదిరేది కాదు. ఆరు వారాలు ఎంజైమునే అనుమానించాను. మారుతున్నది నా సీసాలోని పదార్థమే.

డెకావనడేట్ అంటే పది వనేడియం, ఇరవై ఎనిమిది ఆక్సిజన్ పరమాణువులు అల్లుకున్న గుత్తి. పీహెచ్ 3 నుంచి 6 దాకా నిలకడగా ఉంటుంది. తటస్థ నీళ్లలో పలుచన చేస్తే కొన్ని గంటల్లో మెల్లగా విడిపోతుంది. కాబట్టి స్ఫటికం నిర్మాణం తెలిసినంత మాత్రాన సరిపోదు. మీ నీళ్లలో, మీ పీహెచ్ దగ్గర, ఆ గంటకు ఏముందో చూడాలి.

తయారీ తేలికే. 117 మిల్లీగ్రాముల అమ్మోనియం మెటావనడేట్‌ను దాదాపు 90 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో కరిగించి చల్లార్చండి. బాగా కలియబెడుతూ, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేసి పీహెచ్‌ను 4, 5 మధ్యకు తెచ్చి, నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేయండి. ఆమ్లం ఒకేచోట పడితే గోధుమరంగు మడ్డి కడుతుంది. వనేడియం విషపూరితం, చేతి తొడుగులు తప్పనిసరి. ఇందులో మొత్తం వనేడియం 10 మిల్లీమోలార్ (లీటరుకు 10 మిల్లీమోల్). అదంతా గుత్తులైనా డెకావనడేట్ 1 మిల్లీమోలారే. ఈ రెండు అంకెలను కలగాపులగం చేసిన రాతలు చాలా చూశాను. ఏది రాస్తున్నారో స్పష్టంగా చెప్పండి.

గుత్తి ఏర్పడిందని తేల్చేది వనేడియం-51 ఎన్‌ఎంఆర్, అంటే అయస్కాంత క్షేత్రంలో వనేడియం కేంద్రకాలు ఇచ్చే సంకేతాన్ని చదివే పద్ధతి. ప్రకృతిలోని వనేడియంలో 99.75 శాతం ఈ ఐసోటోపే, కాబట్టి సంకేతం బలంగా వస్తుంది. ద్రావణానికి పది శాతం భారజలం కలపండి. పరిధిని −300 నుంచి −800 పీపీఎం దాకా విశాలంగా ఉంచండి. ఈ కొలబద్దపై సున్నాగా తీసుకునేది వనేడియం ఆక్సీక్లోరైడ్ శిఖరాన్ని. ఈ కేంద్రకం చాలా త్వరగా సడలుతుంది కాబట్టి స్కానుల మధ్య ఎక్కువసేపు ఆగనక్కరలేదు. కొద్ది నిమిషాల్లోనే వేల స్కానులు పూర్తవుతాయి. డెకావనడేట్‌కు దాదాపు −422, −496, −513 దగ్గర మూడు శిఖరాలు వస్తాయి. పీహెచ్‌ను బట్టి అవి జరుగుతాయి, అందుకే నేను స్థానం కన్నా వాటి వైశాల్యాల నిష్పత్తినే ఎక్కువ నమ్ముతాను: 1:2:2. తటస్థ ద్రావణంలో −560 దగ్గర ఒంటరి వనడేట్ (ఒకే వనేడియం ఉన్నది), −573 దగ్గర జంట, −578 దగ్గర నాలుగింటి వలయం కనిపిస్తాయి.

ఎన్‌ఎంఆర్ ఉన్నది గుర్తింపు కోసం. కాలంతో వచ్చే మార్పు కొలవడానికి మామూలు స్పెక్ట్రోఫోటోమీటరు (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పరికరం) చాలు. 400 నానోమీటర్ల దగ్గర డెకావనడేట్ కాంతిని బాగా పీల్చుకుంటుంది, ఒంటరి వనడేట్ దాదాపు పీల్చుకోదు. బఫర్‌లో కలిపిన క్షణం నుంచి పది నిమిషాలకోసారి చదవండి. ఆ గీత దిగిపోయే వేగమే మీకు ఎంత సమయం ఉందో చెబుతుంది. నా ఆరు వారాల చిక్కు ఈ గీతతోనే, ఒక్క మధ్యాహ్నంలో విడిపోయింది.

బఫర్ ఎంపిక దగ్గర ఆగి ఆలోచించండి. మామూలుగా వాడే బఫర్లలో ట్రిస్ వనడేట్‌తో జట్టుకడుతుంది, ఫాస్ఫేట్ కూడా చర్య జరుపుతుంది. హెపెస్ చాలావరకు మేలు. డీటీటీ వంటి థయోల్స్ (గంధకం–హైడ్రోజన్ జత ఉన్న పదార్థాలు) ఉంటే వనేడియం క్షయకరణం చెంది నాలుగో ఆక్సీకరణ స్థితికి దిగుతుంది. అప్పుడు ఎన్‌ఎంఆర్ శిఖరాలు తగ్గిపోతాయి, ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది. గుత్తి విడిపోయిందనుకోకండి, ఈపీఆర్‌లో (జతలేని ఎలక్ట్రాన్లను పట్టే పరీక్షలో) ఎనిమిది గీతలు కనిపిస్తే కారణం తెలిసినట్టే.

ద్రావణాన్ని సన్నని తుంపరగా చల్లి అయాన్ల ద్రవ్యరాశి కొలిచే ఎలక్ట్రోస్ప్రే మాస్ స్పెక్ట్రం ఒక్కదానితో గుత్తుల లెక్క తేల్చవద్దు. బొట్టు ఆరే కొద్దీ గాఢత పెరుగుతుంది, వాయుస్థితిలో గుత్తులు విరుగుతాయి. అక్కడ కనబడ్డ ముక్క నీళ్లలో లేకపోవచ్చు.

పరీక్ష ముగిశాక మిగిలిన ద్రావణాన్ని పారబోయకుండా 400 దగ్గర మళ్లీ ఒకసారి చదవండి. మొదటి విలువకూ చివరి విలువకూ తేడా పది శాతం దాటితే ఆ రోజు అంకెలను నేను పట్టికలోకి ఎక్కించను.